జొన్నలోనే ఉంది జెడ్

"మే ఐ గో టు టాయిలెట్ సార్."

28 ఏళ్ల నౌకరీలో పిల్లల నోట నేను విన్న ఇంగ్లీషులో సగం ఈ ఒక్క వాక్యమే. ఏడాదంతా క్లాసులో నోరు మెదపని పిల్లవాడు కూడా దీన్ని మాత్రం తడుముకోకుండా అనేవాడు. 'మే' అన్నది ఏ రకం క్రియో వాడికి తెలియదు. ప్రశ్నలో కర్త వెనక్కీ క్రియ ముందుకీ జరుగుతాయని నేను చెప్పనూ లేదు. లోపల అర్జెంటు, బయట సారు. రోజుకు పదిసార్లు ఎవరో ఒకరు అడుగుతుంటే మిగతా నలభై మందీ విన్నారు. వాళ్ల వంతు వచ్చినప్పుడు వాళ్లూ అన్నారు.

అదే పిల్లవాణ్ని లేపి "పొద్దున ఏం తిన్నావు?" అని ఇంగ్లీషులో అడిగితే కాలి బొటనవేలితో నేల గీసేవాడు. తిన్నది జొన్నరొట్టె, పప్పు. చెప్పాల్సినవి రెండు మాటలు. అయినా గొంతు పెగలదు.

జహీరాబాద్ చుట్టుపక్కల జెడ్పీ హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన వాణ్ని నేను. ఇప్పుడు సాయంత్రాలు ఇంటి అరుగు మీద కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. "సారూ, మా పోరడు పదేండ్లు ఇంగ్లీషు మీడియం చదివిండు. నాలుగు ముక్కలు మాట్లాడమంటే మాట్లాడడు. అమీర్‌పేట కోచింగుకు పంపాల్నా?" వాళ్లతో ముక్కలు ముక్కలుగా చెప్పేదాన్ని ఒకచోట పెడదామని ఈ వ్యాసం.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. హైదరాబాద్ నుంచి పుణే పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద, నూరు కిలోమీటర్లు దాటాక తగులుతుంది జహీరాబాద్. ఇంకాస్త ముందుకు పోతే కర్ణాటక. రైలెక్కితే బీదర్. అందుకే ఇక్కడి వాళ్ల నోళ్లలో రెండు మూడు భాషలు పక్కపక్కనే కాపురముంటాయి. అంగడిలో ఉల్లిగడ్డలమ్మే ఆమె ఒకరుంది. నాతో తెలుగు. పక్కన బురఖా వేసుకున్న ఆమె నిలబడితే "క్యా హోనా మా?" అంటుంది. బీదర్ వైపు మనిషైతే "ఎష్టు బేకు అక్కా?" మరాఠీ బేరం తగిలితే అదీ సర్దుకుంటుంది. బడి గడప తొక్కలేదు. ఇన్ని భాషలు ఎట్ల నేర్చినవక్కా అంటే నన్నే వింతగా చూసింది.

"నేర్చుడేంది సారూ, అమ్ముకోవాలె గదా!"

ఆమె కన్నడంలో తప్పులుంటాయి. కొనేవాళ్లు నవ్వుతారేమో కూడా. నవ్వినా ఉల్లిగడ్డలు కొనుక్కునే పోతారు. నాలుగు భాషల్లో బతుకుతున్న ఊరికి ఐదోది ఎందుకు కొరుకుడు పడదన్న ప్రశ్న నన్ను చాలా ఏళ్లు పీడించింది.

చరిత్ర వైపు నుంచి కొంత జవాబు దొరుకుతుంది. కోస్తా జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండి ఇంగ్లీషు కచేరీలకు అలవాటుపడుతున్నప్పుడు మాది నిజాం రాజ్యం. ఇక్కడ చదువు ఉర్దూలో. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే చెప్పారు. మా తాత అర్జీలు ఉర్దూలో రాసేవాడు, పురాణం తెలుగులో చదివేవాడు, ఇంగ్లీషు ముక్క తెలియదు. 1948 తర్వాత అంతా మారింది. తాతకు ఉర్దూ వచ్చినట్టు నాకు ఇంగ్లీషు రాలేదు. ఎందుకంటే ఉర్దూ ఆయనకు వీధిలో వినిపించేది, నాకు ఇంగ్లీషు పుస్తకంలో మాత్రమే కనిపించేది. తెలుగు మీడియంలో చదివి, గ్రామరు కంఠతా పట్టి, ఆ గ్రామరే పిల్లలకు చెప్పే ఉద్యోగం సంపాదించాను. మాట్లాడటం నాకూ రాదన్న సంగతి ఎవరికీ తెలియకుండా చాన్నాళ్లు నెట్టుకొచ్చాను.

ఆ గుట్టు రట్టయింది పాత పంటల జాతరలో. మా ప్రాంతంలో సంక్రాంతి తర్వాత, పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు జరిపే జాతర అది. కొర్రలు, సామలు, తైదలు, అనుములు, రంగురంగుల జొన్నలు అలంకరించిన ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరుగుతాయి. చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఒక విదేశీ ఆవిడ కొర్రల గంప ముందు ఆగి, దీన్నెట్లా వండుతారని అడిగింది. గుంపంతా నావైపు తిరిగింది. "ఇంగ్లీషు సారున్నడు గదా, చెప్పుండ్రి సారూ!"

నోరు తెరిచాను. లోపల లెక్క మొదలైంది. 'వుయ్ కుక్ ఇట్' అనాలా, 'ఇట్ ఈజ్ కుక్డ్' అనాలా? వండే పద్ధతి చెబుతున్నాం కాబట్టి పాసివ్ వాయిస్ అందంగా ఉంటుంది. కొర్రలు బహువచనం కదా, 'ఈజ్' కాదు, 'ఆర్'. మరి ధాన్యం రాశిగా ఏకవచనమేమో... ఈ లోపల వెనక నుంచి ఒక ఆటో డ్రైవర్, ఇరవై ఏళ్లుంటాయేమో, ముందుకొచ్చాడు.

"దిస్ కొర్ర, మేడమ్. రైస్ లైక్ కుక్. వన్ గ్లాస్ కొర్ర, టూ గ్లాస్ వాటర్. షుగర్ పేషెంట్, వెరీ గుడ్!"

ఆవిడ నవ్వి, నోట్‌బుక్కు తీసి రాసుకుంది. ఇంకో ప్రశ్న అతన్నే అడిగింది. నేను ఇంటికొస్తూ దారంతా అతని తప్పులు లెక్కపెట్టాను. ఏడు తేలాయి. ఏడు తప్పులతో అతను ఆవిడకు వంట నేర్పాడు, తప్పన్నదే లేకుండా నేను మూగవాణ్నయ్యాను. తర్వాత కనుక్కుంటే, బీదర్ కోట చూడ్డానికొచ్చే వాళ్లను ఆటోలో తిప్పుతాడట. ఉల్లిగడ్డల అక్క సూత్రమే. అమ్ముకోవాలె గదా.

అయితే ఒక మాట. ఆ కుర్రవాడి ఇంగ్లీషు చాలు, గ్రామరు దండగ అని నేననను. కొన్నేళ్ల తర్వాత అతనే మళ్లీ కనబడ్డాడు, అప్పటికీ అదే 'రైస్ లైక్ కుక్' దగ్గరే ఉన్నాడు. అవసరం నోరు తెరిపిస్తుంది కానీ తెరిచిన నోటిని దిద్దదు. దిద్దాలంటే చదవాలి. అతని చేతికి చదవగలిగిన పుస్తకం ఎవరూ ఇవ్వలేదు. నా పిల్లలకైతే పుస్తకమిచ్చి నోరు కట్టేశాను. రెండూ అన్యాయాలే.

ఆ జాతర తర్వాత నా పాఠం మారింది. మొదట మారింది పలికే పద్ధతి. ఏడో తరగతిలో ఒక పిల్ల 'జీరో' అంటే, పక్కన కూర్చున్న ఉర్దూ పిల్ల కిసుక్కున నవ్వేది. ఉర్దూ వాళ్లకు జెడ్ ఉగ్గుపాలతో వస్తుంది. మన పిల్ల అనే 'జీరో'లో జీతం, జీలకర్రల జీ వినిపిస్తుంది. "మళ్లీ అను, మళ్లీ అను" అని పదిసార్లు అనిపిస్తే పదిసార్లూ అదే జీ. పాపం దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు తట్టింది.

"బిడ్డా, జీతం అను." అంది. "నాలుక ఎక్కడ తాకింది?" అంగిట్లో, నాలుక నడుమ తాకిందని చూపించింది. "ఇప్పుడు జొన్న అను." అంది. ఆగి, తనంతట తనే మళ్లీ అంది. జొన్న. జొన్న. "సార్, ఇది వేరే జ సార్!"

వేరే జే. తెలుగులో రాసేది ఒకటే అక్షరమైనా పలికే జ లు రెండు. ఇకార, ఎకారాల ముందు ఒకటి, జీతంలో, జెండాలో ఉన్నట్టు. జొన్న, జున్ను, జాము లాంటి తెలుగు మాటల్లో ఇంకొకటి. పాత నిఘంటువుల్లో దీన్ని వేరుగా చూపడానికి జ నెత్తిన 2 అంకె లాంటి గుర్తు పెట్టేవారు. ఈ రెండో జకి నాలుక కొస పైపళ్ల వెనక చిగురును తాకుతుంది. జెడ్ ఉండేది సరిగ్గా ఆ పక్కింట్లోనే. నాలుక కొసను అక్కడికే తీసుకుపోయి, అంటించకుండా దారమంత సందు వదిలి, గొంతు మోగిస్తూ గాలి వదిలితే తుమ్మెద రొద వస్తుంది. అదే జెడ్. "జొ... జొ..." అంటూ నాలుకను మెల్లగా వదులు చేసింది పిల్ల. రొద వచ్చింది. రొద ఆపకుండా దానికి ఈ కలిపింది. గంట కొట్టేలోపు జీరో, జూ, జిప్ మూడూ పలికింది. ఇంటికి పోయి మా ఊరి పేరు ఆ రొదతో పలికితే వాళ్ల నాయనమ్మ "ఉర్దూ ఎప్పుడు నేర్చినవే?" అందట. జహీరాబాద్ అన్న పేరులోనే జెడ్ ఉంది మరి. ఊరి పేరునే మేం జొన్న జ తో లాగించేస్తున్నాం.

ఈ సంగతి ఇంత సాగదీశానంటే కారణముంది. ఇంగ్లీషు పలుకు ఎక్కడో సీమ నుంచి దిగుమతి చేసుకోవాలని పిల్లలు అనుకుంటారు. సగం సరుకు వాళ్ల నోట్లోనే ఉంటుంది. ఉన్నచోటు చూపించాలి. 'పెన్' అనేటప్పుడు ఇంగ్లీషువాళ్లు ప కి ఒత్తు పెట్టినంత గాలి వదులుతారు. నోటి ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుని అనిపిస్తే, కాగితం కదిలేదాకా పిల్లలు ఆటలా అంటూనే ఉంటారు. గుడ్డును 'యెగ్గు' అనడం మన అలవాటు. మాట మొదట్లో ఎ వస్తే య ఊడిపడుతుంది, ఒ వస్తే వ ఊడిపడుతుంది. 'ఓన్లీ' కాస్తా 'వోన్లీ' అవుతుంది. దవడ ముందే కిందికి దింపి అప్పుడు మొదలుపెడితే ఆ య రాదు. తెలుగు మాట అచ్చుతో ముగియాలి కాబట్టి బస్‌ని బస్సు చేశాం, కార్‌ని కారు చేశాం. తెలుగు మాట్లాడేటప్పుడు అది తప్పు కాదు, మన భాష వాటిని దత్తత తీసుకున్న తీరు. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు మాత్రం ఆ ఉ దగ్గర నోరు మూసుకోవాలి.

వీటన్నిటికన్నా పెద్ద చిక్కు మాట బరువు. తెలుగులో ప్రతి అక్షరానికీ ఇంచుమించు దాని వాటా దానికి ఇస్తాం. ఇంగ్లీషు అట్లా ఇవ్వదు. ఒక మాటలో ఒక్కచోట గట్టిగా గుద్ది, మిగతావి మింగేస్తుంది. 'ఫొటోగ్రాఫ్'లో గుద్దు మొదట, 'ఫొటోగ్రఫర్'లో రెండో చోట. 'హోటల్'లో మనం హో మీద వాలుతాం, వాళ్లు టెల్ మీద వాలుతారు. ఇంగ్లీషు సినిమా చూస్తూ "ఏందిరా ఇంత స్పీడు" అనుకునేది ఇందుకే. స్పీడు కన్నా మింగుడు ఎక్కువ. బల్ల మీద వేళ్లతో కొడుతూ, బరువున్నచోట గట్టిగా, లేనిచోట మెత్తగా, మాటలు పలికిస్తే వారం పది రోజుల్లో చెవి తెరుచుకుంటుంది. యాస పోగొడతామని డబ్బులు గుంజే వాళ్ల జోలికి మాత్రం పోవద్దు. ఎదుటివాడు "ఆఁ?" అని రెండోసారి అడక్కుండా ఉంటే నా లెక్కలో అది మంచి ఉచ్చారణే.

వాక్యానికొస్తే, తెలుగులో క్రియ చివర్న కూర్చుంటుంది. దాని ముందు ఎంత సామానైనా ఎక్కించవచ్చు. "నిన్న అంగడిల మా మామ కొన్న ఎద్దు కాలు విరిగింది" అని మనం ఒక్క ఊపులో అంటాం. దీన్ని మాటకు మాట ఇంగ్లీషు చేయబోయిన పిల్లవాడు 'యెస్టర్‌డే మార్కెట్ మై అంకుల్...' దగ్గర బండి దిగబడి నిలబడిపోతాడు. నేను చెప్పేది ఒకటే: సామాను దించి రెండు బండ్లకు సర్దు. 'మై అంకుల్ బాట్ ఆన్ ఆక్స్ యెస్టర్‌డే. ఇట్ బ్రోక్ ఇట్స్ లెగ్.' మాట్లాడేటప్పుడు చిన్న వాక్యాలకు చిన్నతనం లేదు. పెద్ద వాక్యం చదువుతూ పోతే తర్వాత అదే వస్తుంది.

'ఎన్నో' అన్న మాటతో నేను పడ్డ అవస్థ ఇంకోటి. "మీ నాన్నకు నువ్వు ఎన్నో కొడుకువి?" దీనికి ఇంగ్లీషేమిటని పిల్లలు ఏటేటా అడిగేవారు, నేను ఏటేటా మెలికలు తిరిగే వాక్యమొకటి కట్టి బోర్డు మీద రాసేవాణ్ని. నిజానికి ఇంగ్లీషువాడికి ఆ ప్రశ్న అట్లా అడిగే అలవాటే లేదు. నువ్వు పెద్దవాడివా, నీకు అన్నలున్నారా అని అడుగుతాడు, కావాల్సింది రాబట్టుకుంటాడు. అంతే. మనకు 'మనం' వేరు, 'మేము' వేరు. ఎదుటివాణ్ని కలుపుకుంటున్నామా లేదా అన్నది మాటలోనే తెలుస్తుంది. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే 'వుయ్'. అన్నీ వాళ్ల దగ్గరే ఎక్కువ లేవని పిల్లలకు ఈ ముక్క చెబితే కొంచెం ఛాతీ పొంగుతుంది.

ఇక అవును, కాదుల గొడవ. "డిడన్ట్ యూ డూ యువర్ హోంవర్క్?" అని అడుగుతాను. "యెస్ సార్" అంటాడు. చేశాడనుకుని నేను పక్కవాడి దగ్గరికి పోతాను. వాడన్నది "అవును సార్, చెయ్యలేదు" అని. తెలుగులో మనం అడిగినవాడి మాటతో ఏకీభవిస్తాం. ఇంగ్లీషులో పని జరిగిందా లేదా అన్నదాన్ని బట్టే చెప్పాలి. చెయ్యకపోతే 'నో'. ఇది తెలిశాక కూడా కొందరు గడుగ్గాయిలు కావాలనే యెస్ అనేవారు, అది వేరే కథ.

ఇవన్నీ సూత్రాలుగా చెబితే మళ్లీ మొదటికొస్తాం. నోటికి పని పెట్టాలి. ఈ విషయంలో నాకు దారి చూపింది ఇంగ్లీషు బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు చేసిన ప్రయోగం. 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు వైపు మామూలు బడుల్లో ఆయన గ్రామరు పాఠాలు పక్కన పెట్టి పిల్లలకు చిక్కుముడులిచ్చారు. రైలు టైంటేబులు, ఊరి పటం లాంటివి ముందుపెట్టి, ఫలానా వేళకు ఫలానా ఊరు చేరాలంటే ఏ బండెక్కాలో తేల్చమనేవారు. తేల్చే తొందరలో భాష దానంతటదే పనిలోకి దిగుతుందని ఆయన నమ్మకం. 1987లో దాని మీద పుస్తకం రాశారు. ఆ ప్రయోగాన్ని బెంగళూరు ప్రాజెక్టు అని లోకమంతా చదువుతుంది. మా దగ్గర బస్టాండు ఉంది. బస్సుల వేళలు పిల్లలతోనే రాయించి తెప్పించాను. "అమ్మమ్మను పది గంటలకు బీదర్ ఆస్పత్రిలో చూపించాలి. ఆమె నడక నెమ్మది. ఏ బస్సు?" మొదటిరోజు కొట్లాటంతా తెలుగులో, ఉర్దూలో. నెల తిరిగేసరికి 'నో నో, దట్ బస్ ఈజ్ లేట్' అని అరిచేదాకా వచ్చారు. హెడ్మాస్టరు గారు గోల ఏమిటని వచ్చి గుమ్మంలో నిలబడి, పోకుండా ఉండిపోయారు.

ఇంట్లో చేసుకునేవాళ్లకు ఇంకో పద్ధతి ఉంది. న్యూజిలాండ్ పండితుడు పాల్ నేషన్ పుస్తకాల్లో ఇది కనిపిస్తుంది. ఒకే సంగతిని మొదట ఒకరికి నాలుగు నిమిషాల్లో చెప్పాలి. అదే సంగతి ఇంకొకరికి మూడు నిమిషాల్లో. మళ్లీ మూడోవారికి రెండే నిమిషాల్లో. మూడోసారికి తడబాటు సగం రాలిపోతుంది, ఎందుకంటే ఏం చెప్పాలో అప్పటికే తెలుసు, ఎట్లా చెప్పాలో చూసుకుంటే చాలు. వినేవాళ్లు దొరక్కపోతే ఫోన్లో రికార్డు చేసుకోండి. అందుకు మా పిల్లలు మొదట సిగ్గుపడేవారు. మా పక్కనే మాచనూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియో ఉంది. దళిత ఆడవాళ్లు నడిపే కమ్యూనిటీ రేడియోల్లో దేశంలోనే మొదటిదని దానికి పేరు. జనరల్ నరసమ్మ, ఆల్గోల్ నరసమ్మ లాంటి దళిత ఆడబిడ్డలు తమ ఇంటి మాటలోనే 90.4 మీద మాట్లాడారు. మా పిల్లలకు ఆ గొంతులు తెలుసు. "నర్సమ్మ అక్క రేడియోల మాట్లాడలేదా, మీరెందుకు మాట్లాడరు?" అంటే సిగ్గు కొంచెం తగ్గేది. తమ గొంతు తాము విన్న పిల్లలు తమ తప్పులు తామే పట్టుకుంటారు. నేను పట్టుకుంటే ముడుచుకుపోయేవాళ్లు.

ఒకసారి జొన్నరొట్టె చేసే పద్ధతి చెప్పమన్నాను. ఒక పిల్ల 'హాట్ వాటర్, ఫ్లోర్, మిక్స్' దాకా వచ్చి ఆగిపోయింది. చేతులు మాత్రం గాలిలో రొట్టె తడుతున్నాయి. "సార్, తట్టుడును ఏమంటరు?" అంది. 'ప్యాట్' అన్నాను. ఆ మాటను అది మరచిపోలేదు. పదేళ్ల తర్వాత, నర్సుగా పనిచేస్తూ, బజార్లో కనబడి "ప్యాట్ సార్!" అని చేతులతో తట్టి చూపించి నవ్వింది.

ఇప్పుడు చదువు. 2022లో దేశమంతటా పల్లెల్లో 'అసర్' సర్వే వాళ్లు పిల్లల చదువు పరీక్షించినప్పుడు, ఐదో తరగతి పిల్లల్లో చిన్నపాటి ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవాళ్లు 24.5 శాతం. నలుగురిలో ఒకరు. 2016లోనూ ఇంచుమించు అంతే. దీనికి నా కళ్లముందు కనబడ్డ కారణాలు రెండు.

ఒకటి, అక్షరం. తెలుగులో క పేరూ క, పలుకూ క. ఆ నమ్మకంతో వచ్చిన పిల్లకు 'సి, ఏ, టి, క్యాట్' అని రాగం తీసి నేర్పుతాం. సీ, ఏ, టీ కలిపితే 'సీయేటీ' రావాలి కదా, క్యాట్ ఎక్కడి నుంచి ఊడిపడింది? 'డబ్ల్యూ' అన్న పేరు చూడండి, అందులో వ అన్న పలుకే మొదట్లో లేదు. పిల్లలు అక్షరాల వరస వదిలేసి మాట బొమ్మను గుర్తుపెట్టుకుంటారు. కొత్త మాట రాగానే చేతులెత్తేస్తారు. పేర్ల బదులు పలుకులు నేర్పాలి. క్, యా, ట్. గుణింతం వచ్చిన పిల్లకు ఇది కష్టమేమీ కాదు.

రెండోది, పుస్తకం బరువు. పాఠ్యపుస్తకంలో ఒక్కో పేజీలో పదీ పదిహేను తెలియని మాటలుంటే అది చదవడం కాదు, మూటలు మోయడం. పుస్తకం మనకు తగిందో లేదో తేల్చడానికి అయిదు వేళ్లు చాలు. పేజీ చదువుతూ తెలియని మాటకొక వేలు మడవండి. పేజీ అయిపోకముందే పిడికిలి బిగిస్తే ఆ పుస్తకం ఇప్పుడు మీది కాదు, పక్కన పెట్టండి. ఒకటో రెండో మడిస్తే అదే మీ పుస్తకం. తెలియని ఆ ఒకటి రెండు మాటలకు కూడా వెంటనే డిక్షనరీ తీయకండి. కథ సాగితే సగం మాటలు వాటంతటవే విప్పుకుంటాయి.

సులువైనవి, కుప్పలుగా చదవాలి. దీనికి ఫిజీలో ఒక రుజువు ఉంది. మన తెలుగువాళ్లు కూడా ఒకప్పుడు చెరకుతోటల కూలికి పోయి స్థిరపడిన దేశమే అది. వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగూభాయ్ అనే ఇద్దరు అక్కడి పల్లెటూరి బడుల్లో 250 ఇంగ్లీషు కథల పుస్తకాలు పెట్టి, పిల్లల చేత చదివించారు. 380 మంది పిల్లలను పరీక్షించి, 1983లో ఫలితం అచ్చేశారు. ఎనిమిది నెలల్లో ఆ పిల్లల చదివే శక్తి, విని అర్థం చేసుకునే శక్తి మామూలు కన్నా రెండింతలు వేగంగా పెరిగింది. ఇంకో ఏడాదికి రాయడంలో కూడా ఆ తేడా కనిపించింది. కథలు తప్ప వాళ్లు చేసిన మాయ ఏమీ లేదు.

ఇది చదివాక ఆదివారం పూట హైదరాబాద్ పోయి, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకొచ్చాను. ఇనుప ట్రంకు పెట్టె నిండా బొమ్మల కథలు. క్లాసు వెనక పెట్టి తాళం వెయ్యలేదు. చిరిగాయి, పోయాయి. ఒక పుస్తకం మేక తినేసిందని వచ్చి చెప్పాడొకడు, వాడి మొహం చూస్తే నిజమే అనిపించింది. "కథల బుక్కులు చదివితే మార్కులొస్తయా సారూ?" అని ఒక తల్లి నిలదీసింది. ఏం చెప్పాలో తెలియక, ఆమె కొడుకు చేతే ఒక కథ గట్టిగా చదివించాను. ఒక్క ముక్క అర్థం కాకున్నా చివరిదాకా నిలబడి విన్నది. ఇప్పుడు అంత శ్రమ లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగులో, ఇంగ్లీషులో వేల కథలు ఉచితంగా ఉన్నాయి. పిల్లల స్థాయిని బట్టి మెట్లు మెట్లుగా పెట్టారు. పదో తరగతి వాళ్లైనా సిగ్గుపడకుండా మొదటి మెట్టు నుంచే ఎక్కండి.

చదివేది గట్టిగా, ఒకే పేజీ మూడుసార్లు. మొదటిసారి అర్థం కోసం. రెండోసారి మాటల గుంపులు కూడుకుంటూ. 'ఆన్ ద టేబుల్' అన్నది మూడు మాటలు కాదు, ఒక ఊపిరి. 'బల్ల మీద' అని మనం విడదీసి అంటామా? మూడోసారి ఎవరికో కథ చెబుతున్నట్టు. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చి, పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు పెట్టారు. ఇది నాకు నచ్చిన పని. కానీ పిల్లలు లైనుకొకసారి పక్కకు తొంగి చూస్తున్నారు. అట్లా చేస్తే తెలుగే చదువుతారు. ముందు తెలుగు పేజీ మొత్తం చదివి, దాన్ని అట్టతో మూసి, అప్పుడు ఇంగ్లీషు పేజీలోకి దిగాలి. కథ ముందే తెలిసిన సినిమాను ఇంకో భాషలో చూసినట్టు ఉంటుంది.

పెద్దవాళ్లకు పుస్తకమెందుకు, ఊరే పుస్తకం. ఎరువు బస్తా, మందు చీటీ, మహీంద్రా ట్రాక్టర్ మాన్యువల్, గ్యాస్ సిలిండర్ మీద రాత. రోజుకొకటి చదివితే ఏడాదికి ఎన్నో.

మొన్న ఉల్లిగడ్డల అక్క మా అరుగు దగ్గరికి వచ్చింది. బండికి క్యూఆర్ కోడ్ అట్ట వేలాడదీసి ఏడాదైంది. గిరాకీ ఉన్నప్పుడు కొనేవాళ్లు ఫోన్ ముందుకు చూపించి పోతుంటారు. సాయంత్రం లెక్క చూస్తే నూరో నూటయాభయ్యో తక్కువ పడుతోంది. "ఆకుపచ్చగుంటె వచ్చినట్టు, లేకుంటె రానట్టు అనుకున్న సారూ. ఒక్కొక్క ఫోన్ల ఒక్కొక్క రంగు."

పలక తీసి మూడు మాటలు రాశాను. సక్సెస్‌ఫుల్, పెండింగ్, ఫెయిల్డ్. అక్షరాలు రావు కాబట్టి ఆకారాలు పట్టించాను. మొదటిది పొడుగు, ఎస్‌లు మూడు, పాము మెలికల్లాగా. పెండింగ్ మొదట్లో పి, కర్రకు పొట్ట. ఫెయిల్డ్ మొదట్లో ఎఫ్, కొడవలి. ఆమె వేలితో నేల మీద రాసుకుంది. మర్నాడూ వచ్చింది, మూడోనాడూ వచ్చింది. నాలుగోనాడు నేనే అంగడికి పోయాను. ఒక కుర్రవాడు రెండు కిలోలు సంచిలో పోయించుకుని, ఫోన్ ఆడించి, బైకు కిక్కు కొట్టాడు.

"ఏయ్ బాబూ!" అక్క గొంతు అంగడంతా వినబడింది. "పెండింగ్! పెండింగ్ ఉంది సూడు!"

కుర్రవాడు బైకు ఆపి, జేబులోంచి నోటు తీసి ఇచ్చాడు. ఆమె డబ్బులు కొంగున ముడేసుకుంటూ నావైపు తిరిగి, "రేపు ఇంకోటి రాసియ్యిండ్రి సారూ. ఓటీపీ అంటరు, అది" అంది.